“తొంగున్నాడు” అంటే నిద్రపోతున్నాడని కాదు

స్కూలు కౌన్సిలర్ అంటే పిల్లలతో కబుర్లు చెప్పి జీతం తీసుకునే మనిషి అని మా స్టాఫ్‌రూములో అందరికీ గట్టి నమ్మకం. నేను చేరిననాడు ఉన్న ఆ నమ్మకం నేను రిటైరైననాడు కూడా చెక్కు చెదరకుండా ఉంది. లెక్కల మాస్టారికి జ్వరం వస్తే ఆయన క్లాసుకి నన్ను తోలేవారు. వార్షికోత్సవం వస్తే పిల్లల బుగ్గలకు రంగులు పుయ్యమని పంపేవారు. "మీకు ఖాళీయే కదా మేడమ్" అనేవారు. అదే సమయానికి నా గదిలో ఎవరో ఒక పిల్ల ఏడుపు దిగమింగుకుని నా కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇక్కడ టాటానగర్‌లో, అగ్రికో పేటలోని మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. మంచి పిల్లలే, బాగా చదువుకున్నవాళ్లే. కానీ వాళ్ల సంచులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రంగు కాగితాలు, నవ్వుముఖాల స్టిక్కర్లు, ఊపిరి ఎలా పీల్చాలో బొమ్మలతో చూపించే పోస్టర్లు. ఊపిరి పీల్చడం రాక ఎవరూ నా గదికి రాలేదమ్మా అంటాను. నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఈ ఉద్యోగంలో పిల్లలతో మాట్లాడటం సులువైన సగం. పిల్లవాడికి జబ్బు చేసిందని కన్నవాళ్ల చేత ఒప్పించడం రెండో సగం, నా జుట్టంతా నెరిసింది అక్కడే. కాబట్టి ఇక్కడ రాసేది కొత్తగా వచ్చిన మీతో పాటు తల్లిదండ్రులు కూడా చదివితే మంచిది. చదవరని తెలుసు, అయినా రాస్తున్నాను.

మంచి పిల్లలు

"మా వాడు మంచి పిల్లాడు మేడమ్." ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను మనసారా అసహ్యించుకోవడం నేర్చుకున్న మాట ఇది. ఈ ఊళ్లో మనవాళ్లు దాన్ని హిందీలో కూడా అంటారు, సీదా లడ్కా అని. అడిగితే తప్ప మాట్లాడడు, బయటికి పోడు, స్నేహితులు లేరు, ఏదీ కావాలని అడగడు. ఇవన్నీ వరసపెట్టి చెబుతున్నప్పుడు ఆ తల్లిదండ్రుల ముఖాల్లో ఎంత వెలుగు! పదహారేళ్ల కుర్రవాడికి ఏదీ అక్కర్లేదంటే మెచ్చుకోవలసిన సంగతా అది? నాకైతే గుండె గుభేలుమనేది.

డిప్రెషన్ అంటే కిటికీ పక్కన నిలబడి వాన చూస్తూ కన్నీళ్లు పెట్టుకోవడం అని జనం అనుకుంటారు. ఈ వయసు పిల్లల్లో అది చాలాసార్లు కోపంగా వస్తుంది. ఆదిత్యపూర్‌లో లేతు మిషన్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషి తన కూతుర్ని నా దగ్గరికి తెచ్చింది ఏడుపు గురించి కాదు, పొగరు గురించి. కంచం విసిరేస్తోందట, తలుపులు దబదబా వేస్తోందట, తల్లికి ఎదురు చెబుతోందట. ఆ పిల్ల అంతకుముందు ఏడాది దాకా అసెంబ్లీలో ప్రార్థన పాడేది. ఇప్పుడు తలనొప్పి, కడుపునొప్పి అని రోజూ ఏదో ఒక వంకతో స్కూలు మానేస్తోంది. ఆయన నన్ను కోరిందల్లా నాలుగు చివాట్లు పెట్టమని.

కడుపునొప్పికి ఒక డాక్టరుకి చూపించాడు. తలనొప్పికి ఇంకొకరికి, కళ్లకి మరొకరికి. అన్నీ బాగున్నాయన్నారు. మనసు సంగతి చూసే డాక్టరు కూడా ఉన్నారు, అక్కడికి తీసుకెళ్లండి అనేసరికి ఒంటికాలి మీద లేచాడు. "మా వంశంలో పిచ్చివాళ్లు లేరు" అన్నాడు. ఆయన మాట్లాడే పద్ధతి చూస్తే నాకు వేరే అభిప్రాయం కలిగింది గానీ పైకి అనలేదు. చివరికి వెళ్లాడు, ఏడాది తర్వాత, ఆ పిల్ల అన్నం మానేసి చిక్కి సగమయ్యాక. కాలేయానికి జబ్బు చేస్తే ఏడాది ఆగేవాడా అని ఇప్పటికీ నాకు మంటే.

కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇది. పక్కింటి పిల్లతోనో అన్నయ్యతోనో పోల్చి చూడొద్దు. నిరుడు ఈ పిల్ల ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చూడండి. నిద్ర మారిందా, తిండి మారిందా, ప్రాణంగా ఉన్న పని వదిలేసిందా, ప్రతి చిన్నమాటకీ కస్సుమంటోందా, నేను లేకపోతే మీకు హాయి అనే మాటేదైనా నోరు జారిందా. ఒకటి రెండు రోజులైతే అది వయసు. వారాల తరబడి సాగితే దాన్ని వయసు మీదికీ ఫోన్ మీదికీ నెట్టేసి చేతులు దులుపుకోవద్దు. ఫోన్! ఆ వస్తువు పుట్టాక తల్లిదండ్రులకి ఎంత తేలికైపోయిందో. పిల్లకి ఏం జరిగినా ఫోనే కారణం. అది లాక్కుని బీరువాలో పెడితే బాధ్యత తీరిపోయినట్టే.

రెండు భాషలు

మన తెలుగు ఇళ్లల్లో ఇంకో తంటా ఉంది. పిల్లలకి వచ్చిన తెలుగు వంటింటి తెలుగు. అన్నం పెట్టు, నీళ్లు కావాలి, స్నానం చేసి వస్తా, అంతవరకే. మిగతా బతుకంతా వాళ్లు హిందీలో బతుకుతారు. పెద్దలకి వచ్చిన హిందీ డ్యూటీ హిందీ. అందులో హుకుములున్నాయి, తిట్లున్నాయి, యంత్రాల పేర్లున్నాయి. దిగులు గురించి మాట్లాడుకోవడానికి ఈ ఇద్దరి మధ్యా ఏ భాషా మిగల్లేదు.

తండ్రి "ఏటైందిరా" అంటాడు. కొడుకు "కుఛ్ నహీ" అంటాడు. ఏమీ లేదు అన్నాడు కదా అని తండ్రి పేపరు తీసుకుంటాడు. ఇంకో రోజు కొడుకు "మన్ నహీ లగ్తా" అంటాడు. దేని మీదా మనసు నిలవడం లేదు, ఏదీ బాగాలేదు అని ఆ పిల్లవాడి గోడు. తండ్రి చెవికి అది చదువు మీద శ్రద్ధ లేదు అన్నట్టుగా ఎక్కుతుంది. వెంటనే ట్యూషన్ పెట్టిస్తాడు. జబ్బు చేసిన పిల్లవాడికి ఇంకో రెండు గంటల లెక్కలు. మన తెలివి అలా ఉంటుంది.

దిలీప్

ఇక నేను చెప్పదలచుకున్న కుర్రవాడి దగ్గరికి వస్తాను. అసలు పేరు ఇది కాదు. వాళ్లు ఈ ఊళ్లోనే పర్సుడీహ్‌లో ఉండేవారు. తండ్రి కూర్మారావు, పలాస వైపు మనిషి, టాటానగర్‌లో గూడ్సు రైళ్లు నడిపే లోకో పైలట్. తల్లి పార్వతి. దిలీప్ పదకొండో తరగతి సైన్సు. ఫుట్‌బాల్ ఆడేవాడు. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడని కుర్రాళ్లు తక్కువే గానీ, వీడు ఆడుతుంటే బయటి మనుషులు కూడా గోడ పక్కన నిలబడి చూసేవారు.

రాను రాను స్కూలుకి రావడం తగ్గింది. వచ్చిన రోజు వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేవాడు. నేను పిలిచి కూర్చోబెడితే మర్యాదగా "ఠీక్ హూఁ మిస్", బాగానే ఉన్నాను అనేవాడు. ఇంటికి ఫోన్ చేశాను. పార్వతి ఎత్తి గొంతు తగ్గించి "తొంగున్నాడు మేడమ్" అంది. పొద్దున పదింటికి చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. ఉత్తరాంధ్ర యాస తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తొంగున్నాడు అంటే పడుకున్నాడని.

ఇన్ని సార్లు పడుకుని ఉంటే తల్లికి అనుమానం రాలేదా అని మీరు అడుగుతారు. షిఫ్టు ఇళ్లు మీరు చూడలేదన్నమాట. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పగలు పడుకుంటాడు. కిటికీలకి దుప్పటి కడతారు. కుక్కరు కూత వెయ్యకుండా ముందే దించేస్తారు. పిల్లలు కాళ్లు ఈడ్చకుండా నడవడం మాటలు రాకముందే నేర్చుకుంటారు. పడుకున్న మనిషిని లేపడం ఆ ఇళ్లల్లో మహాపాపం. నేనూ స్టీలు కంపెనీ క్వార్టర్లో పుట్టి పెరిగినదాన్నే, నాకు తెలుసు. పగటిపూట చీకటి గదిలో ఒక మనిషి పడి ఉంటే అక్కడ ఎవరికీ వింతగా అనిపించదు. తండ్రికి చేసిన మర్యాదే తల్లి కొడుక్కి కూడా చేసింది. దుప్పటి సర్దింది, కంచం మీద మూత పెట్టింది, తలుపు దగ్గరగా వేసింది. ఎంత ప్రేమ! ఆ ప్రేమతోనే పిల్లవాణ్ని గదిలో ఒంటరిగా వదిలేసింది.

బూట్లు

అప్పటి మా ప్రిన్సిపాల్‌కి పాజిటివ్ థింకింగ్ పిచ్చి పట్టిన రోజులవి. రాంచీ నుంచి ఒక ఉపన్యాసకుణ్ని పిలిపించాడు. ఆయన కోటు వేసుకుని వచ్చి పిల్లలందరినీ నిలబెట్టి, నేను సంతోషంగా ఉన్నాను అని గట్టిగా అరవమన్నాడు. అరిచారు. బాగోలేని పిల్లలు మిగతావాళ్లకంటే గట్టిగా అరిచారు, దాచుకోవడంలో వాళ్లకి అనుభవం ఎక్కువ. ప్రిన్సిపాల్ కళ్లు చెమర్చాయి. చూశారా మేడమ్, మీరు ఇన్నేళ్లుగా చెయ్యలేనిది ఆయన ఒక్క పూటలో చేశాడు అన్నాడు నాతో.

దిలీప్ ఆ రోజు రాలేదు. మధ్యాహ్నం టీ తాగుతూ మా గేమ్స్ మాస్టారు వాడి మీద విసుక్కుంటున్నాడు. జట్టులోంచి తప్పుకున్నాడట. అంతటితో పోనివ్వకుండా, తన బూట్లు తీసుకొచ్చి వేరే పిల్లవాడికి ఇచ్చేశాడట. కొత్తవి, తండ్రి చేత పట్టుబట్టి కొనిపించుకున్నవి. "అంత నిర్లక్ష్యం" అన్నాడు ఆయన. నా చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను.

వెంటనే పార్వతికి ఫోన్ చేసి బూట్ల సంగతి తెలుసా అన్నాను. తెలుసట. సంతోషంగానే చెప్పింది. "బంతాట ఒగ్గేసినాడు మేడమ్. ఇంక సదువు మీద పడతాడు."

కొత్తవాళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రాణంగా చూసుకున్న వస్తువుల్ని పిల్లవాడు పంచిపెడుతుంటే అది వైరాగ్యమూ కాదు, బుద్ధి రావడమూ కాదు. వెళ్లిపోయేవాళ్లు సర్దుకునే పద్ధతి అది. అందరూ అందుకే చెయ్యరు. కానీ ఎందుకు చేస్తున్నాడో ఆ పూటే అడిగి తెలుసుకోవాలి, రేపటికి వాయిదా వెయ్యకూడదు. ఈ కుర్రవాడు బతుకుతాడా లేదా అన్నదే ఆ మధ్యాహ్నం నా ముందున్న సంగతి.

ప్రిన్సిపాల్‌ని అడిగాను, ఇంటికి వెళ్లొస్తానని. ఇంటి వ్యవహారాల్లో స్కూలు తలదూర్చదన్నాడు. రేపు ఏదైనా జరిగితే మీరే చెప్పారంటారు, స్కూలు పేరు వస్తుంది అన్నాడు. పిల్లవాడి పేరు ఒక్కసారి కూడా ఆయన నోటి వెంట రాలేదు. నాకు తలనొప్పిగా ఉంది, సెలవు కావాలి అన్నాను. అది వెంటనే ఇచ్చాడు.

పర్సుడీహ్‌లో ఆ మధ్యాహ్నం

ఆటో దిగి బజారు దాటుకుని వాళ్లింటికి చేరాను. పార్వతి తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు, పిల్లవాడు కూడా తొంగున్నాడు, మెల్లగా మాట్లాడండి అని సైగ చేసి చెప్పింది. వాణ్ని ఒక్కసారి చూస్తానన్నాను. గది తలుపు తోసింది.

కిటికీకి దుప్పటి కట్టి ఉంది. దిలీప్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను మంచం అవతలికి వెళ్లి వంగి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నిద్ర లేచిన కళ్లు కావవి, చాలా రోజులుగా నిద్ర ఎరగని కళ్లు.

పార్వతి నా భుజం మీదుగా చూసి, "మెలకువగానే ఉన్నావేట్రా?" అంది. ఎన్నాళ్ల నుంచి ఇలా అని నన్ను అడిగింది, నేనేదో ఆ ఇంట్లో కాపురం ఉంటున్నట్టు. తొంగున్నాడు అనే మాట ఎంత సౌకర్యమో అప్పుడు అర్థమైంది నాకు. మంచం మీద ఉన్నాడని చెబుతుంది, నిద్రపోతున్నాడో లేదో చెప్పదు. ఆ మాట చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ అందరూ నిశ్చింతగా ఉండొచ్చు.

నేను పక్కన కూర్చుని అడిగాను. మనసు ఎలా ఉందని, నిద్ర ఎన్నాళ్లుగా లేదని. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగాను. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది పెద్దలు వణుకుతారు. పుట్టదు. ఉన్నదాన్ని బయటపెట్టడానికి దారి దొరుకుతుంది, అంతే. వాడు కళ్లు మూసుకున్నాడు. దాన్ని లేదు అన్న జవాబుగా తీసుకునేంత మూర్ఖత్వం నాకు లేదు.

బయటికి వచ్చి కూర్మారావుని లేపమన్నాను. పార్వతి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నడుస్తున్న రైల్లో ఊరికే గొలుసు లాగమన్నట్టు చూసింది. "డ్యూటీకి కాల్ వత్తే తప్ప లేపం మేడమ్" అంది. కాల్ వచ్చింది, లేపు అన్నాను.

ఆయన లుంగీ బిగించుకుంటూ, ఎర్రకళ్లతో వచ్చాడు. నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. సగం విని నేరుగా గదిలోకి పోయాడు. నేననుకున్నదే జరిగింది.

"ఏట్రా, నీకేటి తక్కువైంది? తిండి నేదా, బట్ట నేదా? నీ వయసుకి నేను పొలంలో పన్జేసినాను."

దిలీప్ ఇంకాస్త గోడలోకి జరిగాడు. ఆ తండ్రి రాత్రంతా ఇంజన్లో కూర్చుని వచ్చిన మనిషి, కొడుకంటే ప్రాణం, అదంతా నిజమే. కానీ నీకేం తక్కువైంది అనే ఈ ప్రశ్న పుట్టించినవాణ్ని నా చేతికిస్తే బాగుండును. జ్వరం వచ్చిన పిల్లని ఎవరైనా, దుప్పట్లున్నాయి కదా నీకెందుకు జ్వరం అని అడుగుతారా?

ఆయన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. మొదట నా చదువంతా ఆయన ముందు ఒలకబోశాను. మెదడు, రసాయనాలు, ఎదిగే వయసు. "జీ మేడమ్, జీ మేడమ్" అన్నాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. అప్పుడు మా అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయనా రైల్వేలో ఇంజన్ మీద పనిచేసినవాడే. నేను చదువు మాట ఆపేసి, ఇంజన్లో మీ అసిస్టెంటు సిగ్నల్ చూసి ఏం చేస్తాడని అడిగాను.

"ఏ రంగుందో గట్టిగా సెప్తాడు. నేను అదే మాట తిరిగి సెప్పాల. రూలు."

ఎర్రదీపం అని చెబితే, ఎందుకురా ఎర్రగా ఉంది, నీకేం తక్కువైంది అని తిడతారా అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "తిట్టడానికేటుంది మేడమ్? ఎరుపంటే ఎరుపే."

"లోపల మీ వాడు సిగ్నల్ చెబుతున్నాడు. వాడు ఏమంటే అది తిరిగి చెప్పండి. అంతకు మించి ఒక్క మాట వద్దు."

నాకు మతి పోయిందనుకున్నాడేమో తెలియదు. అయితే రూలు అనేదానికి కట్టుబడే మనిషి. లోపలికి వెళ్లి, మంచం మీద కాకుండా కింద నేల మీద కూర్చున్నాడు. నేనూ పార్వతీ గుమ్మం దగ్గర నిలబడ్డాం.  ఆయన లేచిపోతాడేమో అని నేను భయపడుతున్నాను. అంతలో దిలీప్ గోడవైపే తిరిగి, "థక్ గయా హూఁ" అన్నాడు.

"అలిసిపోయినావు" అన్నాడు తండ్రి.

"నీంద్ నహీ ఆతీ."

"నిద్దర పట్టట్లేదు నీకు."

  తర్వాత పిల్లవాడు చిన్న గొంతుతో, "జీనా నహీ హై, పాపా" అన్నాడు.

పార్వతి కొంగు నోట్లో కుక్కుకుంది. కూర్మారావు నోరు తెరిచాడు. ఉపన్యాసం ఆయన నాలుక చివర దాకా వచ్చిందని నాకు కనబడుతూనే ఉంది. దేవుడి పేరు, తల్లి పేరు, తను పడ్డ కష్టాలు, అన్నీ వచ్చాయి. మింగేశాడు.  తర్వాత, మాట తడబడకుండా చెప్పాలని గట్టిగా ప్రయత్నిస్తూ అన్నాడు.

"నీకు బతకాలని నేదు."

దిలీప్ ఇటు తిరిగాడు. తండ్రి ముఖం చూశాడు. ఆపైన వాడు ఏడ్చిన ఏడుపు నేను ఇక్కడ రాయను. కూర్మారావు వాడి తల మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు, సిగ్గుపడను.

ఏడుపు తగ్గాక మిగతా ప్రశ్నలు నేను అడిగాను. ఏం చేసుకోవాలనుకున్నాడో కూడా అడిగాను. చెప్పాడు. వాడు చెప్పినదాన్ని బట్టి ఇంట్లో దాచవలసినవి దాచేయించాను, మందుల డబ్బాని బీరువాలో పెట్టించి తాళం వేయించాను. వాణ్ని ఒక్క నిమిషం ఒంటరిగా ఉంచొద్దన్నాను. ఆ సాయంత్రమే ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో కూర్మారావుకి డ్యూటీ కాల్ వచ్చింది. రాలేనన్నాడు. అవతలివాళ్లు ఏదో అన్నట్టున్నారు, ఆయన ఇంకోసారి రాలేనని ఫోన్ పెట్టేశాడు.

మాత్రలు, మామయ్యలు

కథ అయిపోయిందని మీరు అనుకుంటే మీకు ఈ ఉద్యోగం తెలియదు. డాక్టరు మాత్రలు రాశారు, వారం వారం రమ్మన్నారు. మందు పట్టడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆ వారాల్లో బంధువులు దిగారు. మేనమామ ఒకాయన మంచం దగ్గరే నిలబడి, మెంటల్ మందులు అలవాటైతే పెళ్లి కూడా కాదన్నాడు. పదహారేళ్ల పిల్లవాడికి అప్పుడే పెళ్లి బెంగ. పార్వతి అక్కగారు గాలి సోకిందని తేల్చి, భూతవైద్యం చేసే ఓఝా దగ్గరికి తీసుకెళ్లమంది. సలహాలివ్వడానికి అందరూ వచ్చారు, పిల్లవాడి పక్కన పావుగంట ఊరికే కూర్చోమంటే ఒక్కరికీ తీరిక లేదు.

కొంచెం తేరుకుని వాడు అన్నం తిని నవ్వడం మొదలుపెట్టేసరికి, నయమైపోయిందని పార్వతే మాత్రలు ఆపేసింది. మళ్లీ గోడవైపు తిరిగాడు. మళ్లీ డాక్టరు, మళ్లీ మొదట్నుంచి. డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదని నేను ఆమెకి చెప్పినప్పుడు నా గొంతు కాస్త పెరిగింది, పెరగవలసిందే. ఆమె మాత్రం నా మీద కోపం తెచ్చుకోలేదు. కిటికీకి కట్టిన దుప్పటి విప్పేసింది. పొద్దున్నే వాణ్ని లేపి, మాట్లాడినా మాట్లాడకపోయినా తనతో పాటు బజారుకి కూరగాయలకి నడిపించేది. హుషారుగా ఉండు అనీ, నవ్వు అనీ అనేది కాదు. సంచీ వాడి చేతికిచ్చేది, అంతే. ఎవరూ నేర్పకుండా ఆమె చేసిన ఈ పని నేను తర్వాత ఎందరు తల్లులకి చెప్పానో.

చదువు ఒక ఏడాది వెనకబడింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఈ పిల్లవాడికి మన స్కూలు వాతావరణం సరిపడదు, టీసీ తీసుకోమని తల్లిదండ్రులకి నచ్చజెప్పండి అన్నాడు. పన్నెండో తరగతి ఫలితాల్లో ఒకడు తగ్గుతాడేమో అని ఆయన బెంగ. అలాగే సార్, జబ్బు చేసినందుకు పంపిస్తున్నామని మీరు కాగితం మీద రాసి సంతకం పెట్టండి అన్నాను.  ఆయనలో దయ అప్పటికప్పుడు పొంగింది. పిల్లవాడు ఇక్కడే చదవనీ అన్నాడు, మానవత్వం గురించి కూడా రెండు మాటలు చెప్పాడు.

కూర్మారావు ఒకటి రెండుసార్లు పాత దారిలో పడ్డాడు. పరీక్షలప్పుడు మళ్లీ నీకేటి తక్కువైంది అన్నాడట. అని, వెంటనే నాలుక కరుచుకుని లేచి వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చాడట. తల్లిదండ్రులు మారిపోతారని నేను మీకు మాట ఇవ్వను. అలవాటు నోటి దాకా వచ్చినప్పుడు నీళ్లు తాగే తెలివి వస్తే చాలు.

వాడు చెప్పింది

దిలీప్ ఇప్పుడు డిప్లమా పూర్తి చేసి ఆదిత్యపూర్‌లో పనిచేస్తున్నాడు. జబ్బు పూర్తిగా పోయిందని నేను అనను. మధ్యలో ఇంకోసారి వచ్చింది, ఈసారి తనే గుర్తుపట్టి తనే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నేను రిటైరయ్యాక ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు నా దగ్గర ఇద్దరు కొత్త కౌన్సిలర్లు కూర్చుని ఉన్నారు, తల్లిదండ్రులకి వర్క్‌షాపు ఎలా పెట్టాలో నాకే వివరిస్తూ. వాళ్లముందు అడగొచ్చో లేదో అని సందేహిస్తూనే, అప్పుడు ఆ సాయంత్రం మాతో ఆసుపత్రికి రావడానికి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. ఎన్నో ఏళ్లుగా నా మనసులో ఉన్న ప్రశ్న అది.

వాడు హిందీలో చెప్పాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఆ మాట నేను రోజూ మనసులో అనుకునేవాణ్ని మిస్. అలవాటైపోయింది, ఏమీ అనిపించేది కాదు. ఆ రోజు అదే మాట నాన్న నోటి వెంట విన్నాను. మొదటిసారి భయమేసింది."

కొత్తపిల్లలిద్దరూ తమ వర్క్‌షాపు కాగితాలు పక్కన పెట్టేశారు. దిలీప్ ఇంకో మాట అన్నాడు.

"నాన్న కూడా భయపడ్డారు మిస్. నాకు కనబడింది. అయినా లేచి వెళ్లిపోలేదు."